ఇరవై తొమ్మిదో సెకను

శనివారం పొద్దున ఘెంట్‌లో వాన.
సైకిళ్ళ రిపేరు షాపు మీద, రెండో అంతస్తులో మా ల్యాబు.
వచ్చినవాళ్ళ ఎడమచేతి వేళ్ళకి
రెండు క్లిప్పులు తగిలించడం నా పని.
"నొప్పేం ఉండదు" అని చెప్పడం కూడా నా పనే.
చర్మం ఎంత చెమరిస్తే
తెరమీద గీత అంత పైకి లేస్తుంది.
మనసంటే మాకు అదే, ప్రస్తుతానికి.

ప్రకటన నలభై రెండు సెకన్లు.
ముందు పచ్చిక. తర్వాత ఒక ఆవు,
ఎవరికీ అప్పు లేనట్టు నెమరేస్తూ.
తర్వాత కిటికీ వెలుగులో ఒకామె,
తోలుమీద సూది, పెదాలమీద నవ్వు,
కింద చిన్న అక్షరాల్లో ఆమె పేరు.
ఆఖర్న హ్యాండ్‌బ్యాగు, చీకట్లో ఒంటరిగా,
ఒకే ఒక్క వాక్యం:
"ఈ అందం ఎవరినీ ఏడిపించలేదు."
ధర వెయ్యరు.
రెండువేల ఆరువందల యూరోలు.
చూసి పెట్టినందుకు మేమిచ్చేది పదిహేను యూరోల కూపను.

వౌట్ అనే కుర్రాడికి ఆవు దగ్గర లేచింది గీత.
మాంసం మానేసి నాలుగు నెలలైందట.
"బూట్లు మాత్రం తోలువే, అన్నయ్యవి, ఏం చెయ్యను" అన్నాడు
నేనడక్కుండానే.

లాయరు ఆన్‌లోర్‌కి పేరు దగ్గర లేచింది.
కళ్ళు తుడుచుకుంది, నిజంగానే.
"ఈ కంపెనీదే నా దగ్గరొకటుంది, పాతది.
అప్పట్లో ఎవరు కుట్టారో వేసేవాళ్ళు కాదు."
తప్పంతా దానిదే అయినట్టు
ఒళ్ళోని బ్యాగుని కిందికి దించి
మడమతో కుర్చీ కిందికి నెట్టింది.
వెళ్ళేటప్పుడు అడిగింది, కొత్తది ఏయే రంగుల్లో వస్తుందని.
తప్పు చేసినవాళ్ళ మొహాలు నేను చూశాను.
ఇది ఆ మొహం కాదు.
క్షమాపణకి కూడా రసీదు దొరుకుతుందని
తెలిసిన మనిషి తేలిక ఇది.

పదకొండింటికి గోడెలీవ్ వచ్చింది, తడిసిన టోపీతో.
డెబ్బై ఎనిమిదేళ్ళు. ముప్పై ఒక్కేళ్ళు
గ్లవ్స్ ఫ్యాక్టరీలో కుట్టిందట.
ఆవుకి గీత కదల్లేదు. పేరుకీ కదల్లేదు.
గాలిలేని రోజు కాలువలా పడుంది.
ఇరవై తొమ్మిదో సెకనులో
ఒక్కసారి చివ్వున లేచింది,
కాగితం అంచు దాటిపోయేంత.

"వెనక్కి తిప్పమ్మా. ఆపు. ఆ బొటనవేలు చూడు."
చూశాను. అందంగా ఉంది.
"అదే చెప్తున్నా. కుట్టేదాని వేలు కాదది."
క్లిప్పులు తనే పీకేసి
తన బొటనవేలు నా మొహం ముందు పెట్టింది:
నిలువునా చీలిన గోరు, దానికింద
వేరుశనగ గింజంత గట్టి కాయ.
"దీనికి ఇప్పటికీ వేన్నీళ్ళు తెలీవు.
నవ్వుతూ కుట్టేవాళ్ళు లేరని కాదు.
మా జోర్జెట్ నవ్వేది, కిటికీని చూసి కాదు,
సూదిని చూసి."
కోపం లేదు గొంతులో. కొంచెం సరదా కూడా ఉంది.
కూపను తీసుకుని రెండుగా మడిచి
మడత మీద వేలితో రాసింది, కుట్టు సరిచూసినట్టు.

సాఫ్ట్‌వేరు తనంతట తాను రాసుకుంది:
"తీవ్ర స్పందన. సందేశం హత్తుకుంది."
వ్యాఖ్యలకి యాభై అక్షరాల గడి.
అందులో జోర్జెట్ పట్టదు.
"బొటనవేలు" అని మాత్రం కొట్టాను.

సాయంత్రం తలుపేసుకుని
క్లిప్పులు నాకే తగిలించుకున్నాను.
బొటనవేలు దగ్గర కాస్త లేచింది.
ఆ వాక్యం దగ్గర ఇంకా లేచింది.
ఎవరినీ ఏడిపించలేదు.
అంతా తెలిసీ, ఆ వేలు అద్దెదని తెలిసీ,
నాకలాంటిది కొనే స్తోమత లేదని తెలిసీ,
ఎవరో నా తల నిమిరినట్టు అనిపించింది.

సోమవారం కంపెనీ నుంచి ఈమెయిలు:
బొటనవేలు బాగా పనిచేసినట్టుంది,
ఇంకో రెండు సెకన్లు పెంచమంటారా?

పెంచండి, అని రాశాను.
దగ్గర్నుంచి చూపించండి.